బందరు 36 డిగ్రీలు హైదరాబాదు 41 కంటే ఎందుకు కష్టంగా ఉంటుంది? పెద్దవాళ్లు ఏ నెలలో మారితే మంచిది?

ఉప్పల్ నివాసి:

సభ్యులకు నమస్కారం. మా నాన్నగారికి ఇప్పుడు 72 ఏళ్లు, అమ్మకు 67. ఉద్యోగరీత్యా బందరు (మచిలీపట్నం) వదిలి హైదరాబాదు వచ్చి పాతికేళ్లు దాటినా, చిలకలపూడి వైపు తాతగారు కట్టించిన ఇల్లు ఇంకా మా చేతిలోనే ఉంది. అద్దెకున్నవాళ్లు ఈమధ్య ఖాళీ చేయడంతో, ఇక మిగిలిన కాలం అక్కడే గడుపుతానని నాన్నగారు పట్టుబట్టారు. ఆయన వాదన చాలా సూటిగా ఉంటుంది. సముద్రం పక్కనున్న ఊరు కనుక వేసవిలో హైదరాబాదు కంటే నాలుగైదు డిగ్రీలు తక్కువే ఉంటుందని, చలికాలంలో ఇక్కడిలా వణకనక్కర లేదని, కాబట్టి పెద్దవయసుకు అదే మంచి చోటని అంటారు. అమ్మ మాత్రం బందరు పేరెత్తితేనే విసనకర్ర వెతుక్కుంటుంది.

మొన్న మే నెలాఖరులో ఒక పెళ్లికి మూడు రోజులు అక్కడ ఉన్నాం. రెండో రోజు మధ్యాహ్నం ఫోనులో బందరుకు 36 డిగ్రీలు, హైదరాబాదుకు 41 డిగ్రీలు చూపించింది. నాన్నగారు అది అందరికీ చూపించి మురిసిపోయారు కూడా. సాయంత్రం నాలుగు కాకుండానే పందిట్లో కూర్చున్న మనిషికి చొక్కా అంతా తడిసిపోయి కళ్లు తిరిగాయి. లోపలికి తీసుకువెళ్లి, తడిగుడ్డతో ఒళ్లు తుడిచి, ఉప్పు వేసిన మజ్జిగ తాగించి ఫ్యాను కింద పడుకోబెడితే గంటకు తేరుకున్నారు. ఆ రాత్రి రెండింటికి కూడా దుప్పటి చెమటతో ఒంటికి అంటుకుపోతూనే ఉంది. అదే మనిషి ఏప్రిల్‌లో ఉప్పల్‌లో మిట్టమధ్యాహ్నం బ్యాంకుకు నడిచి వెళ్లి వచ్చారు.

నాకు అర్థం కానిది ఇది. 41 కంటే 36 తక్కువే అయినప్పుడు ఈ తేడా ఎక్కడి నుంచి వస్తోంది? ఏడాది పొడవునా బందరు వాతావరణం నెలనెలకూ ఎలా మారుతుందో, ఇద్దరినీ అక్కడికి మార్చాలంటే ఏ నెలలో మార్చితే ఒంటికి అలవాటవుతుందో అక్కడివారు, విషయం తెలిసినవారు చెప్పగలరా? నాన్నగారు రక్తపోటుకు మాత్ర వేసుకుంటారు, అమ్మకు కొద్దిగా ఆయాసం ఉంది.

గాలివాటం:

మీ నాన్నగారు చూపించిన అంకె తప్పు కాదు, మీ అమ్మగారి భయమూ తప్పు కాదు. ఇద్దరూ రెండు వేరు వేరు థర్మామీటర్లను నమ్ముతున్నారు, అంతే. వాతావరణ పరిశీలన కేంద్రంలో నేల నుంచి సుమారు 1.2 మీటర్ల ఎత్తున, గాలి ఆడేలా పలకలు అమర్చిన తెల్లటి చెక్కపెట్టె ఒకటి ఉంటుంది. దాన్ని స్టీవెన్సన్ పెట్టె అంటారు. అందులోని నాలుగు థర్మామీటర్లలో ఒకదాని బల్బుకు ఎప్పుడూ తడిగా ఉండే పలుచని గుడ్డ చుట్టి ఉంటుంది. గాలి పొడిగా ఉంటే గుడ్డలోని నీరు త్వరగా ఆవిరవుతూ ఆ బల్బును బాగా చల్లబరుస్తుంది, గాలి అప్పటికే ఆవిరితో నిండి ఉంటే ఆ చల్లదనం రాదు. చెమట పట్టిన మన ఒళ్లు ఈ తడి థర్మామీటరు లాంటిది. ఫోనులో పెద్ద అక్షరాలతో కనిపించేది మాత్రం పొడి థర్మామీటరు అంకె.

ఆ రోజు తేమ ఎంతో మీరు రాయలేదు కనుక, మే నెలాఖరు మధ్యాహ్నాలకు అసహజం కాని అంకెలు తీసుకుని లెక్క చెబుతాను. బందరులో 36 డిగ్రీలు, 60 శాతం తేమ అనుకుంటే తడి థర్మామీటరు 29 డిగ్రీల పైన నిలుస్తుంది. హైదరాబాదులో 41 డిగ్రీలు, 23 శాతం తేమ అనుకుంటే అది 24, 25 డిగ్రీల మధ్య ఉంటుంది. అంటే పొడి థర్మామీటరు ప్రకారం బందరు అయిదు డిగ్రీలు చల్లన, తడి థర్మామీటరు ప్రకారం దాదాపు అయిదు డిగ్రీలు వేడి. ఇదే సంగతిని ఆవిరి బరువులో చెప్పాలంటే, ఆ లెక్కన బందరు గాలిలో ఘనపు మీటరుకు సుమారు 25 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది, హైదరాబాదు గాలిలో అందులో సగమే. మీ నాన్నగారి చొక్కా తడిసిపోయిందంటే చెమట పుట్టింది కానీ ఆరలేదని అర్థం. ఆరని చెమట వల్ల ఒంట్లోని నీరు, ఉప్పు పోవడమే తప్ప ఒళ్లు చల్లబడదు.

చర్మం ఉష్ణోగ్రత సుమారు 35 డిగ్రీలు కనుక, తడి థర్మామీటరు కూడా ఆ అంకెకు చేరితే సిద్ధాంతరీత్యా ఎంత ఆరోగ్యవంతుడి ఒళ్లయినా వేడిని బయటికి పంపలేదు. వయసు మీద పడిన వారికి చెమట తక్కువగా పడుతుంది, దాహం ఆలస్యంగా వేస్తుంది, అందుచేత వారి ఇబ్బంది ఆ గీతకు చాలా దిగువనే మొదలవుతుంది. రక్తపోటు మాత్రలలో కొన్ని మూత్రం ఎక్కువగా పోయేలా చేసేవి ఉంటాయి. ఊరు మారే ముందు ఆ సంగతి వైద్యుడిని అడిగి, వేసవిలో మోతాదు మార్చాలో లేదో తెలుసుకోండి.

ఇంకొక మాట. వడగాలి హెచ్చరిక రాలేదు కనుక ప్రమాదం లేదని ఎవరూ అనుకోకూడదు. భారత వాతావరణ శాఖ కొలమానం ప్రకారం మైదాన ప్రాంతంలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలకు, తీరప్రాంతంలో 37 డిగ్రీలకు చేరి, ఆ రోజు సాధారణం కంటే కనీసం 4.5 డిగ్రీలు ఎక్కువగా ఉంటేనే వడగాలి అంటారు. 45 డిగ్రీలు దాటితే మాత్రం తేడాతో పని లేకుండా అంటారు. మే నెలలో బందరు పగటి సగటే దాదాపు 38 డిగ్రీలు కనుక, ఈ లెక్కన 42 దాటితే గాని ఆ మాట వినిపించదు. మీ నాన్నగారికి కళ్లు తిరిగిన 36 డిగ్రీల రోజు రికార్డుల ప్రకారం సాధారణం కంటే చల్లని రోజు. వేడి, తేమ కలిసిన అసౌకర్య వాతావరణం అంటూ ఆ శాఖ విడిగా ఒక సూచన ఇస్తుంది. బందరులో ఉండేవారు వడగాలి హెచ్చరికకు ఎంత విలువ ఇస్తారో దానికీ అంత ఇవ్వాలి.

కోనేరు సెంటర్ పాతకాపు:

పై సభ్యుడు శాస్త్రం చెప్పారు, నేను అరవై ఏళ్లకు పైగా ఈ ఊళ్లో పడుకుని లేచిన అనుభవం చెబుతాను. బందరు వేసవిని డిగ్రీలతో కొలిచేవాళ్లు మాలో తక్కువ. గాలి ఎన్ని గంటలకు తిరిగింది అన్నదే మా లెక్క. పొద్దున్న ఎనిమిది, తొమ్మిది దాకా పడమటి నుంచి వచ్చే గాలి బెజవాడ వైపు నేల వేడినంతా మోసుకుని వస్తుంది. పదకొండు, పన్నెండు ప్రాంతంలో సముద్రపు గాలి దాన్ని వెనక్కి నెట్టుకుంటూ ఊళ్లోకి ప్రవేశిస్తే ఆ రోజు 36 దగ్గరో 37 దగ్గరో ఆగిపోతుంది. పడమటి గాలి బలంగా ఉండి సముద్రపు గాలి మూడింటి దాకా రాకపోయినా, అసలు రాకపోయినా ఆ రోజు బందరుకు, బెజవాడకు తేడా ఉండదు. 42, 43 కూడా చూస్తాం. చిత్రం ఏమిటంటే, అలా ఎండిన 42లో ఒళ్లు మండుతుంది కానీ చొక్కా పొడిగా ఉంటుంది. గాలి తిరగగానే వేడి నాలుగైదు డిగ్రీలు పడిపోతుంది, ఆ నిమిషం నుంచే చెమట మొదలవుతుంది. సాయంత్రానికి అది దక్షిణానికి మళ్లి పైరగాలి అవుతుంది. వెనకటి రోజుల్లో ఊరు ఊరంతా అరుగుల మీదికి చేరేది ఆ గాలి కోసమే. ఇప్పుడు మా వీధిలో మూడంతస్తుల ఇళ్లు లేచాక అది కింది వాటాల్లోకి రావడం మానేసింది.

ఇక నెలల సంగతి. సంక్రాంతి రోజుల్లో పగలు 28, 29, రాత్రి 19, 20 డిగ్రీలు ఉంటుంది. హైదరాబాదులో లాగా స్వెటరు కోసం వెతకనక్కర లేదు, భోగిమంట దగ్గర వెచ్చదనం కంటే సరదాయే ఎక్కువ. పొలాల మీద తెల్లవారుజామున మంచు దట్టంగా పడుతుంది, పెడన రోడ్డులో బస్సులు దీపాలు వేసుకుని నడుస్తాయి. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుందంటారు కదా, మాకు అప్పటికి వెళ్లడానికి పెద్దగా మిగిలేదే ఉండదు. మార్చిలో పగలు 33 ప్రాంతం, ఏప్రిల్‌లో 35. ఈ అంకెలు చూసి హైదరాబాదు వాళ్లు బందరు చల్లగా ఉందనుకుంటారు. నిజానికి ఏప్రిల్ నెల మధ్య నుంచే రాత్రులు 26 డిగ్రీలకు దిగకుండా మొండికేస్తాయి.

ఎండలు ముదిరే కర్తరి రోజులు వస్తాయి, మే నెల మొదటి వారంలో డొల్లు కర్తరి, పదకొండు దాటాక నిజ కర్తరి, 25 నుంచి రోహిణి కార్తె. రోహిణిలో రోళ్లు పగులుతాయన్న సామెత రాయలసీమకో తెలంగాణకో పుట్టిందని అనుకోవద్దు. సగటున పగలు 38, రాత్రి 27, 28 ఉంటుంది. జూన్ 8 ప్రాంతంలో మృగశిర రాగానే చేపల కూర వండుకుని చల్లబడిందని సంబరపడతాం కానీ, బందరులో జూన్ సగటు కూడా మే నెలతో దాదాపు సమానంగా 37 దగ్గరే ఉంటుందన్నది చాలామందికి తెలియని సంగతి. నైరుతి వచ్చిందని రేడియోలో చెబుతారు, పడమటి గాలి హోరున వీస్తుంది, చినుకు పడదు, పైగా ఆ హోరు సముద్రపు గాలిని ఊళ్లోకి రానివ్వదు. మీ హైదరాబాదులో జూన్ రెండో వారానికి చల్లబడితే మాకు ఆరుద్ర కార్తె దాకా, కొన్నేళ్లు జూలై మొదటి వారం దాకా ఆ బాధ తప్పదు. మీ నాన్నగారు పాతికేళ్లలో మరిచిపోయింది మే నెలను కాదు, జూన్‌ను అని నా అనుమానం.

జూలై, ఆగస్టులలో పగలు 33, 34. పగలంతా మబ్బు మూసుకుని ఉండి, వాన సాయంత్రమో రాత్రో పడుతుంది. గోదావరి వైపు మన్యంలో కురిసినట్టు రోజుల తరబడి ముసురు మాకు ఎప్పుడో గాని పట్టదు, అల్పపీడనం ఏదైనా దగ్గరికి వస్తేనే. సెప్టెంబరు గురించి మాత్రం ఎవరూ సరిగ్గా చెప్పరు. థర్మామీటరు 33 దాటదు, ఆకు కదలదు, ఉప్పు జాడీలో ఉప్పు నీళ్లు కారుతుంది, అప్పడాలు నిప్పుల మీద పెట్టినా మెత్తగానే ఉంటాయి. మీ అమ్మగారు విసనకర్ర వెతుక్కునేది ఈ నెలను తలుచుకునేనేమో అడిగి చూడండి.

మారడానికి నా సలహా దసరా వెళ్లాక. దీపావళి నాటికి రాత్రులు 24, నవంబరులో 22 డిగ్రీలకు దిగుతాయి. మూడు, నాలుగు నెలలు హాయిగా గడిచేసరికి ఒళ్లు ఊరికి కుదురుకుంటుంది.

పెడన అద్దకం:

పాతకాపు గారి మీద గౌరవంతోనే ఒక విషయంలో విభేదిస్తున్నాను. మాది పెడనలో కలంకారీ అద్దకం పని. కరక్కాయ నీళ్లలో ముంచిన బట్టను ఆరబెట్టడం, అచ్చు వేశాక ఆరబెట్టడం, కాలువలో ఉతికాక ఆరబెట్టడం, ఉడకబెట్టి తీశాక మళ్లీ ఆరబెట్టడం అని మా పనిలో సగం ఎండతోనూ గాలితోనూ ముడిపడి ఉంటుంది కనుక, గాలిలో తేమ ఎంతో మాకు బట్ట చెబుతుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో గట్టు మీద పరిచిన బట్టను ఒక చివర నుంచి రెండో చివరకు నడిచి వచ్చేసరికి తిరగేయవచ్చు. మే నెలలో ఎండ అంతకంతా ఉన్నా సముద్రపు గాలి తిరిగాక ఆరడం మందగిస్తుంది. అక్టోబరులో పొద్దున్న పరిచిన బట్ట సాయంత్రానికి కూడా అంచుల దగ్గర తడిగానే ఉంటుంది. ఆ తడి చేతికి తగిలిందంటే గాలి ఇక నీటిని తీసుకోలేనంత నిండి ఉందని అర్థం. మనిషి ఒంటి మీది చెమటకూ అదే గతి పడుతుంది.

అందుచేత దసరా తరువాత అంటే నేను ఒప్పుకోలేను. అక్టోబరు మాకు ఏడాదిలో బాగా వాన పడే నెలలలో ఒకటి. ఏడాది మొత్తం మీద సుమారు 1000 మిల్లీమీటర్లు కురిస్తే, ఎక్కువ భాగం నైరుతిలో పడినా మంచి వాటా అక్టోబరు, నవంబరులకే దక్కుతుంది. మనుషులు లేక మూసి ఉన్న ఇల్లు, గోడలు చెమ్మ పట్టి ఉన్న ఆ రోజుల్లో తలుపులు తెరిస్తే బూజు వాసన ముందుగా పట్టుకునేది ఆయాసం ఉన్న మనిషిని. సంక్రాంతి వెళ్లాక తాళం తీసి, సున్నం వేయించి, పది రోజులు కిటికీలన్నీ బార్లా తెరిచి ఉంచితే గోడలు నిజంగా ఆరతాయి. ఆ తరువాత సామాను దించుకోండి.

ఇంటి గురించి ఇంకో సంగతి. ఇక్కడ గాలిలో ఉప్పు ఉంటుంది. ఏసీ పెట్టించేటప్పుడు బయట ఉండే పెట్టెను సముద్రం వైపు గోడకు కాక నీడపట్టున ఉండే గోడకు పెట్టించి, రెండు నెలలకు ఒకసారి మంచినీళ్లతో కడిగించాలి. ఇక్కడ చాలాచోట్ల బోరు నీరు ఉప్పు కనుక ఆ నీళ్లతో కడిగిస్తే చేసిన మేలు పోతుంది. పడమటి గోడకు తడికెనో పాదునో అడ్డం పెట్టండి, సాయంత్రం ఎండంతా ఆ గోడ తాగి రాత్రి మంచం మీదికి వదులుతుంది. దక్షిణం వైపు కిటికీని మాత్రం ఏ బీరువాతోనూ మూయకండి.

ఉప్పల్ నివాసి:

ముగ్గురికీ కృతజ్ఞతలు. జూన్ సంగతి నాన్నగారికి చదివి వినిపించాను. కాసేపు ఏమీ మాట్లాడకుండా ఉండి, తమ చిన్నప్పుడు బడి తెరిచే రోజుల్లో పడమటి గాలికి పుస్తకాల పేజీలు వేడెక్కేవన్న సంగతి గుర్తు చేసుకున్నారు. అమ్మకు సెప్టెంబరు గురించి రాసింది మరీ నచ్చింది.

ఇంకొక సందేహం తీర్చగలరా? తుపానులంటే నవంబరు అని నాన్నగారు అంటారు, ఆ ఒక్క నెల హైదరాబాదు వచ్చేస్తే చాలని ఆయన లెక్క. మే నెలలో వచ్చే తుపాను వేసవిని చల్లబరుస్తుందని, దానికి భయపడేదేముందని కూడా అంటున్నారు. ఇది ఎంతవరకు నిజం?

గాలివాటం:

సగం నిజం. బంగాళాఖాతంలో తుపానులకు రెండు కాలాలు ఉన్నాయి. ఒకటి నైరుతికి ముందు ఏప్రిల్ నుంచి జూన్ మొదటి రోజుల దాకా, రెండోది అది వెనుదిరిగాక అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. కృష్ణా తీరం రెండింటినీ చూసింది. 1864 నవంబరులో ఉప్పెన బందరు ఊరినే ముంచి సుమారు 30 వేల మందిని పొట్టన పెట్టుకుంది. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన సంగతి మీ నాన్నగారికి ఎవరూ చెప్పనక్కర లేదు, అధికారిక లెక్కల్లోనే మృతులు 10 వేలు. వీటి వల్లనే నవంబరు పేరు మనసులో ముద్ర వేసుకుంది. కానీ 1990లో పెద్ద తుపాను కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం తాకింది మే 9న. 2010లో లైలా బాపట్ల దగ్గర దాటింది మే 20న. 2013లో హెలెన్ నవంబరు 22న బందరు సమీపంలో దాటితే, 2023లో మిచౌంగ్ బాపట్ల దగ్గర దాటింది డిసెంబరు 5న. ఒక్క నెల తప్పించుకుంటే చాలన్న లెక్క నిలవదు.

అయితే 1977కు, ఇప్పటికి పోలిక లేదు. బందరులోనే వాతావరణ శాఖ డాప్లర్ రాడార్ ఉంది, ఉపగ్రహాలు ఉన్నాయి, మూడు నాలుగు రోజుల ముందే హెచ్చరికలు వస్తాయి. రేవులో ఎగరేసే ప్రమాద సూచికలు 1 నుంచి 11 వరకు ఉంటాయి. ఒకటో నంబరు అంటే దూరంగా సముద్రంలో వాయుగుండం ఉందని, 8, 9, 10 అంటే మహా ప్రమాదమని అర్థం. మూడో నంబరు ఎగరగానే బెంబేలు పడక్కర లేదు కానీ, ఎనిమిది దాకా ఆగకుండా ముందే బస్సు ఎక్కేయడం పెద్దవాళ్లకు మంచిది. గాలి కంటే ఆ తరువాత వారం రోజులు కరెంటు లేకపోవడమే మాత్రలతో గడిపే వారికి ఎక్కువ కష్టం.

ఇక మే నెల తుపాను చల్లబరుస్తుందన్న మాట. అది మన తీరం తాకితే రెండు, మూడు రోజులు నిజంగానే చల్లబడుతుంది. కానీ మే నెలలో పుట్టేవి చాలావరకు మనల్ని తాకకుండా ఉత్తరంగా బెంగాల్ వైపో బంగ్లాదేశ్ వైపో మియన్మార్ వైపో వెళ్లిపోతాయి. సముద్రంలో అపసవ్యంగా తిరిగే ఆ సుడి మనకు ఈశాన్యంగా ఉన్నంతసేపు, దాని ఎడమ అంచు మధ్యభారతం నుంచి ఎండిన వాయవ్యపు గాలిని కోస్తా మీదికి లాగుతుంది. సముద్రపు గాలి ఊళ్లోకి రాదు, మబ్బు ఉండదు, తేమ అంతా తుపాను వెంట పోతుంది. బందరులో 43 డిగ్రీలు చూసే రోజులు చాలావరకు ఇలాంటివే. పత్రికలో తుపాను బెంగాల్ వైపు మళ్లింది అని చదివి ఊపిరి పీల్చుకున్న వారానికే వడదెబ్బ వార్తలు రావడం అందుకే. 2015 మే నెలాఖరున ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యి మందికి పైగా వడదెబ్బకు చనిపోయారన్న సంగతి మరువకూడదు. ఉక్కలాగే పొడి వేడీ ప్రమాదమే. కాబట్టి ఏది మంచిది అని రెండింటినీ పోల్చి ప్రయోజనం లేదు. బందరు వేసవిలో రెండూ వస్తాయి, ఒకే రోజున ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి కూడా వస్తాయి. పొడి వేడిలో ఫ్యాను గాలి నలభై దాటాక ఒంటికి ఇంకా వేడిని పోస్తుంది కనుక తడిగుడ్డ కావాలి. ఉక్కలో తడిగుడ్డ కంటే ఫ్యాను గాలి ఎక్కువ పని చేస్తుంది.

మారే నెల విషయంలో నేను పెడన మిత్రుడి పక్షమే. ఉష్ణోగ్రత, తేమ, తుపాను, చెమ్మ నాలుగూ ఒకేసారి అనుకూలంగా ఉండేది జనవరి మూడో వారం నుంచి మార్చి నెల మధ్య వరకే. మొదటి ఏడాది మాత్రం ఏప్రిల్ 20 ప్రాంతం నుంచి జూలై మొదటి వారం దాకా ఇద్దరినీ హైదరాబాదులో ఉంచుకోండి.

కోనేరు సెంటర్ పాతకాపు:

చెమ్మ సంగతి నేను ఆలోచించలేదు, పెడన వారి మాటే సబబు. నేను ఉన్న ఇంట్లోనే ఉంటాను కనుక మూసిన ఇంటి బాధ నాకు తోచలేదు. కానీ ఎండాకాలం అంతా హైదరాబాదు అన్నది మాత్రం నాకు మింగుడు పడలేదు. మామిడిపండ్లు, తాటిముంజలు వచ్చే రోజుల్లో ఊళ్లో లేనివాడు ఊరికి తిరిగి వచ్చినట్టు ఎలా అవుతుంది? మంగినపూడిలో కార్తిక పౌర్ణమి స్నానానికి వచ్చి వెళ్లే యాత్రికుడికీ ఆయనకూ తేడా ఏముంటుంది? కనీసం జూన్ దాకా ఉండి, పడమటి గాలి మొదలయ్యాక ఒక్క నెల వెళ్లమనండి. ఒక గదికి ఏసీ, తెల్లవారుజామున అయిదింటి నుంచి తొమ్మిదింటి లోపు బయటి పనులు, పదకొండు నుంచి సాయంత్రం అయిదు దాకా గడప దాటకపోవడం, ఈ పద్ధతిలో మా అమ్మ 88 ఏళ్ల దాకా ఇక్కడే ఉంది.

ఉప్పల్ నివాసి:

ఇద్దరి మాటలూ నాన్నగారి ముందు పెట్టాను. సంక్రాంతి వెళ్లాక మారడానికి ఒప్పుకున్నారు, సున్నం పనికి మనిషిని కూడా మాట్లాడుకున్నారు. వేసవి విషయంలో మాత్రం పాతకాపు గారి మాటే వింటానని, ముంజలు తిన్నాకే రైలు ఎక్కుతానని అంటున్నారు. రాజీగా నేను ఒక షరతు పెట్టాను. ఇంట్లో ఉష్ణోగ్రతను, తేమను చూపే పరికరం ఒకటి కొనిస్తాను, రోజూ దాని అంకెలు పంపాలి, వాటిని బట్టి ఎప్పుడు రావాలో నేను చెబుతాను అన్నాను. దాన్ని ఎక్కడ తగిలించాలి, ఏ వేళల్లో చూడాలి అన్నది చెబితే ఈ చర్చతో నా పని పూర్తవుతుంది.

గాలివాటం:

ఎండ తగలని ఉత్తరపు వరండాలో, గోడకు ఆనకుండా, ఛాతీ ఎత్తున తగిలించండి. వంటింటికి, బావి గట్టుకు దూరంగా ఉండాలి. దాంతో పాటు అలాంటిదే రెండోది ఆయన పడుకునే గదిలో మంచం పక్కన పెట్టండి, ఎందుకంటే మీకు కావలసింది ఊరి వాతావరణం కాదు, ఆయన పడుకునే చోటి వాతావరణం. వాతావరణ శాఖ ఉదయం 8.30కు, సాయంత్రం 5.30కు అంకెలు తీస్తుంది కనుక వరండా పరికరాన్ని ఆ వేళల్లో చూస్తే పత్రికలో వచ్చే అంకెతో పోల్చుకోవచ్చు. గదిలోని దాన్ని రాత్రి పదింటికి, తెల్లవారుజామున లేవగానే చూడమనండి. తెల్లవారేసరికి కూడా గదిలో 30 డిగ్రీలకు తగ్గకుండా, తేమ 75 శాతం పైన వరుసగా మూడు రోజులు ఉంటే, ముంజలు మిగిలి ఉన్నా సరే, టిక్కెట్టు తీయండి.

ఉప్పల్ నివాసి:

రెండు పరికరాలూ తెప్పించాను. ఉప్పల్‌లోనే వారం నుంచి అలవాటు చేస్తున్నాను. ఈ ఉదయం నాన్నగారు ఇంట్లో 27 డిగ్రీలు, 58 శాతం అని కాగితం మీద రాసి, పక్కనే "బందరులో ఇంతకంటే బాగుంటుంది" అని కూడా రాసి పంపారు.